ఉంగరం మిగిలింది, విల్లు చేసిన చేయి ఏది?

పాతబస్తీలో పాఠాలు చెప్పే మాబోటి పంతుళ్ళకు ఏటా ఒకసారైనా పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోవటం ఆనవాయితీ. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. అందులో జేడ్ రాతి వస్తువుల మధ్య ఒక చిన్న ఉంగరం ఉంది. అది వేలికి అందం కోసం పెట్టుకునేది కాదు. వింటినారిని బొటనవేలితో లాగేవాడికి ఆ నారి వేలిని కోయకుండా తొడుక్కునేది. దాని మీద షాజహాన్ చక్రవర్తి బిరుదు చెక్కి ఉంది.

ఇదంతా ఎనిమిదో తరగతి పిల్లలకు వివరించి చెబుతుంటే ఒక కుర్రవాడు అడిగాడు: "ఉంగరం ఎవరిదో రాసిండ్రు సార్. ఆ ఉంగరం పెట్టుకొని లాగిన విల్లును ఎవరు చేసిండ్రో ఎక్కడన్న రాసిండ్రా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. తెలుగులో ఎం.ఎ. చదివినవాణ్ణి. విల్లుకు పర్యాయపదాలు అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. కాని విల్లు ఎలా తయారవుతుందో, ఎవరు తయారుచేస్తారో, ఆ విద్యను ఎవరి దగ్గర నేర్చుకుంటారో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఇది నా ఒక్కడి లోపం కాదనీ, మన సాహిత్యం, మన చరిత్ర రచన రెండూ పంచుకున్న లోపమనీ తరువాత తెలిసివచ్చింది.

ముందు మన బస్తీ సంగతే చూద్దాం. 1591 నాటి చార్మినారుకు కొద్ది దూరంలోనే చార్ కమాన్ ఉంది. మా పిల్లలు రోజూ మచిలీ కమాన్ కింది నుంచో కాలీ కమాన్ కింది నుంచో నడిచి బడికి వస్తారు. కమాన్ అంటే వాళ్ళ దృష్టిలో పెద్ద ద్వారం. కాని పారశీకంలో ఆ మాటకు మొదటి అర్థం విల్లు. వంగిన విల్లులా ఉంటుంది కాబట్టి ఆ తోరణానికి ఆ పేరు వచ్చింది. విల్లు చేసేవాణ్ణి కమాన్‌గర్ అన్నారు. రాజు కట్టించిన కమాన్ నాలుగు వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. కమాన్‌గర్ మాత్రం మన వీధుల్లో లేడు, మన జ్ఞాపకంలో కూడా లేడు.

ఆ కమాన్‌గర్ చేసిన విల్లు ఒట్టి కర్ర కాదు. నడుమ సన్నని కర్ర, విలుకాడి వైపు కొమ్ముబద్ద, ఎదుటి వైపు పశువుల స్నాయువు. ఈ మూడింటినీ జిగురుతో అతికించేవాడు. విల్లు వంగినప్పుడు లోపలి పక్క నొక్కుకుపోతుంది, బయటి పక్క సాగుతుంది. నొక్కుడును కొమ్ము బాగా తట్టుకుంటుంది, సాగుడును స్నాయువు తట్టుకుంటుంది. ఈ సూత్రాన్ని ఏ విశ్వవిద్యాలయమూ చెప్పకముందే పనివాడి చేతులు కనిపెట్టాయి. ఆ జిగురు ఆరటానికి నెలలు పట్టేది. మన వానాకాలపు తేమకు అది సడలేది కూడా. అందుకే ఈ దేశంలో ఉక్కు విండ్లు కూడా చేసి ఆయుధాగారాల్లో దాచుకున్నారు. ఇంత కాలం, ఇంత సామగ్రి, ఇంత జాగ్రత్త కావలసిన వస్తువును పోషించగలిగింది దర్బారు ఒక్కటే. తెలుగులో దీనికి సింగిణి అనే మాట ఉంది. శృంగం, అంటే కొమ్ము, ఆ మాటలోనే దాగి ఉంది.

తుపాకి వచ్చింది, దర్బారుకు విల్లు అక్కర లేకపోయింది. మరి కమాన్‌గర్ ఏమయ్యాడు? కచ్ఛ్ ప్రాంతంలో ఆ పేరుతోనే గోడల మీద బొమ్మలు వేసే చిత్రకారులయ్యారు. విండ్లకు రంగులు వేసిన చేయి గోడలకు రంగులు వేసింది. ఉర్దూ నిఘంటువుల్లో కమాన్‌గర్ అన్న మాటకు విరిగిన ఎముకలు కట్టేవాడు అనే అర్థం కూడా ఉంది. వంపునూ బిగువునూ చేతితో తెలుసుకునేవాడికి ఎముక అతకటం అసాధ్యమైన పని కాదు. వృత్తి చచ్చినా నేర్పు చావలేదు. అది పొట్టకూటి కోసం మరో దారి వెతుక్కున్నది.

ఇక మన ప్రాచీన వాఙ్మయం ఏమంటున్నది? శ్రీరుద్రంలో వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకు నమస్కారాలున్నాయి. వాటితోపాటు బాణాలు చేసేవారికీ విండ్లు చేసేవారికీ నమస్కారం ఉంది. శ్రమచేసేవాణ్ణి పేరుపెట్టి గుర్తించిన దశ ఒకటి ఉన్నదన్నమాట. మహాభారతానికి వచ్చేసరికి అదే నిషాదుల బిడ్డ ఏకలవ్యుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు కోసి ఇవ్వవలసి వచ్చింది. విద్య అడవివాడికి అందితే దొరవారి విలుకాడికి సాటి వస్తాడన్న భయం ఆ కథలో దాగలేదు, బాహాటంగానే ఉంది. చక్రవర్తి బొటనవేలు కందకుండా కాపాడిన ఉంగరం మనకు అద్దాల బీరువాలో కనిపిస్తున్నది. ఏకలవ్యుడి బొటనవేలికి బీరువా లేదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం వీరుల్ని పొగడదు, సరుకుల లెక్క చెబుతుంది. ఆయుధాగారాధ్యక్షుడి ప్రకరణంలో విండ్లను చేసిన పదార్థాన్ని బట్టి విడదీసింది: తాటిది, వెదురుది, కర్రది, కొమ్ముది. నారికి కూడా ఒక పట్టిక ఇచ్చింది: మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, స్నాయువు. మూర్వ అంటే మనం చాగ అని పిలిచే మొక్క. ఈ పట్టికలో ఒకటి గమనించాలి. కొమ్మునూ స్నాయువునూ పక్కన పెడితే మిగిలినవన్నీ చేనుగట్టునా అడవిలోనా దొరికేవే. రాజు ఆయుధాగారం నిండింది అడవివాడి, పల్లెవాడి వృక్షజ్ఞానంతోనే.

ఆ వృక్షజ్ఞానంతో చేసే విల్లునే మనం ఆటవికమని చిన్నచూపు చూశాం. నిజానికి ఒంటి కర్రతోనో వెదురుబద్దతోనో విల్లు చేయటం తేలిక పని కాదు. కొమ్ము లేదు, స్నాయువు లేదు. సాగుడునూ నొక్కుడునూ ఒకే కర్ర తట్టుకోవాలి. కాబట్టి ముందు చెట్టును ఎంచుకోవటం రావాలి. తడ అనీ చరచి అనీ పిలిచే చెట్టు కర్రకు వంగి మళ్ళీ నిలిచే గుణం ఉంది. సంస్కృతంలో దాని పేరు ధన్వనం, ఆ పేరులోనే ధనుస్సు ఉంది. వెదురైతే ముదిరినది కావాలి. దాని బలమంతా పైతొక్కకు ఆనుకుని ఉన్న పీచులో ఉంటుంది. అందుకే ఆ తొక్కవైపును ఎదుటికి ఉంచి, చెక్కవలసిందంతా లోపలివైపే చెక్కుతారు. కర్రలోనూ అంతే. బయటి పక్క ఈనె తెగిందంటే మొదటి లాగుడుకే విల్లు అక్కడ చిట్లుతుంది.

చీల్చిన బద్దను నీడలో ఆరనివ్వాలి. పచ్చిది వంగిన చోటే ఉండిపోతుంది, తొందరపడి ఎండబెడితే పగులుతుంది. తరువాత గొడ్డలి పని, బాడిస పని, చివరకు కత్తితో గీకే పని. నడుమ పట్టు దగ్గర మందంగా ఉంచి, రెండు కొనల వైపు పోనుపోను సన్నం చేస్తారు. అసలు విద్య ఇక్కడి నుంచే మొదలు. వదులుగా నారి కట్టి, కొద్దిగా లాగి, రెండు చేతులూ సమంగా వంగుతున్నాయా అని చూడాలి. ఎక్కడ బిగుసుకుని ఉందో అక్కడ మాత్రమే గీకాలి. మళ్ళీ లాగాలి, మళ్ళీ చూడాలి. ఒక చోట ఎక్కువ పోయిందా, ఆ చోటే వంపంతా చేరి అక్కడే విరుగుతుంది. తీసిన కర్రను మళ్ళీ అతికించే ఉపాయం లేదు. పని అయ్యాక నారిని దించి ఉంచాలి. ఎప్పుడూ బిగించి ఉంచిన విల్లు వంగిపోయి బలం చచ్చిపోతుంది.

దీనికి పాఠ్యపుస్తకం లేదు. పిల్లవాడు పెద్దల పక్కన కూర్చుని చూస్తాడు. తన చేతికి సరిపడే చిన్న విల్లు చేసుకుని విరగ్గొట్టుకుంటాడు. ఎందుకు విరిగిందో ఆ ముక్కలే చెబుతాయి. దీన్ని చదువు అనటానికి మన విద్యావ్యవస్థకు నోరు రాలేదు.

చేతి పని దూరమైతే భాష కూడా దూరమవుతుంది. "శత్రువు మీద విల్లు ఎక్కుపెట్టు" అని మన అభ్యుదయ కవులు విరివిగా రాశారు. నేనూ పిల్లలకు గురిపెట్టటమనే అర్థమే చెప్పాను. కాని ఎక్కుపెట్టటం అంటే విల్లును వంచి నారిని కొనకు ఎక్కించటం. శివధనుస్సు విరిగింది ఆ పనిలోనే, బాణం వేయటంలో కాదు. నారి అన్న మాటకు నారతో చుట్టరికం ఉందని బరో, ఎమెనోల ద్రావిడ పదకోశం చూస్తే తెలుస్తుంది. మంచె మీద కూర్చున్న కావలివాడు పిట్టల్ని తోలటానికి వాడిన ఉండేలు కూడా విల్లే. మట్టి ఉండను విసిరే విల్లు, ఉండవిల్లు. యుద్ధానికి పోని విల్లు కాబట్టి దానికి మన కావ్యాల్లో చోటు దక్కలేదు.

అడవి విల్లు ఎందుకు కనుమరుగవుతున్నది? తుపాకి వచ్చిందని ఒక్క మాటలో తేల్చటం అన్యాయం. బ్రిటిషిండియాలో 1878 ఆయుధాల చట్టం ఫిరంగుల సరసన విల్లమ్ముల్ని కూడా ఆయుధాలుగా లెక్కించింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసింది. పోడు మీద, కర్ర మీద, వెదురు మీద ఆంక్షలు వచ్చాయి. మన్యం కడుపుమంటకు అది ఒక ముఖ్య కారణం. నిజాం రాజ్యంలోనూ అడవుల రిజర్వులు వచ్చాయి. 1355 ఫసలీ, అంటే 1945-46 నాటి హైదరాబాదు అటవీ చట్టం దాన్ని మరింత బిగించింది. కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది 1940లో. ఆ తరువాత మూడేళ్ళకు, 1943లో, హైమన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన గ్రంథం వెలువడింది. విల్లునూ దుంపలు తవ్వే కోలనూ నమ్ముకుని బతికే మనుషులు అమ్రాబాద్ పీఠభూమి మీద ఉన్నారని నగరపు చదువరులకు అది తెలియజెప్పింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధమనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో విల్లమ్ములు ఉన్నాయి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టటం నేరం. చెంచుల అడవి నేడు పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి హక్కు ఇచ్చింది గాని, వేట హక్కును ఇవ్వలేదు. వేటను మళ్ళీ మొదలుపెట్టమని నేను అనటం లేదు. అడవిలో జంతువులు ఎందుకు తగ్గాయో, వాటిని తుపాకులతో వేటాడిన దొరలెవరో చెప్పకుండా నేరమంతా చెంచువాడి వెదురుబద్ద మీద మోపటాన్ని ఒప్పుకోలేనంటున్నాను.

మనవైపు కూడా ఒక పొరపాటు ఉంది. విల్లును మనం తిరుగుబాటు చిహ్నంగా ఆరాధించాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసింది తుపాకుల కోసం. విల్లుకు ఎంత శక్తి ఉందో ఎంత లేదో ఆ మన్యం వీరులకు బాగా తెలుసు. తెలియనిది మనకే. వాళ్ళ చేతిలోని పనిముట్టును మనం పతాకం మీది బొమ్మ చేసుకున్నాం. ఆ బొమ్మను మెచ్చుకుని, దాన్ని చేసిన చేతి నేర్పును అడగటం మరిచాం. పురాణం చేసిన పనినే కొత్త మాటలతో మనమూ చేశాం.

మళ్ళీ ఆ కుర్రవాడి దగ్గరికి వస్తాను. మ్యూజియం నుంచి తిరిగివస్తూ, "మా తాత దగ్గర కూడ విల్లుండె సార్, దూది ఏకేది" అన్నాడు. ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ముసలాయన దూదేకులాయన. పరుపులు, బొంతలు కుట్టే వీధుల్లో ఒకప్పుడు ఆ వింటి తంతి మోత వినపడని పూట లేదు. ఆ విల్లు ఇప్పుడు అటక మీద ఉంది. తంతి లేదు. మనిషెత్తు దూలం, ఒక కొనకు వెడల్పాటి పలక. ఈ విల్లు వంగదు. పైన కట్టిన వెదురు విల్లు వంగి దీని బరువు మోస్తుంది. కర్ర గుండుతో తంతిని కొడితే ఆ అదురుకు దూది విడివడుతుంది. చంపటానికి కాక కప్పుకోవటానికి పనికివచ్చిన విల్లు అది.

"మొదటి ఏడు మా నాయిన నన్ను విల్లు ముట్టనియ్యలే సారూ. దూదిల గింజలు, చెత్త ఏరుడే పని. రెండో ఏడు తంతి బిగిచ్చుడు నేర్పిండు. చెవుతోని ఇని బిగియ్యాలె," అన్నాడాయన. తరువాత యంత్రం వచ్చింది, దాని వెనక స్పాంజి పరుపు వచ్చింది. కొడుకు ఆటో నడుపుతున్నాడు. "ఇంగ ఎవలకు నేర్పాలె?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు.

చెయ్యవలసిన పని మాత్రం కనిపిస్తున్నది. నల్లమల చెంచుపెంటల నుంచి ఆదిలాబాదు గోండుగూడేల దాకా, మన్యం కొండరెడ్ల ఊళ్ళ దాకా వెళ్ళి, విల్లు చేసేవారి మాటల్ని వారి నోటనే విని రాసుకోవాలి. ఏ చెట్టు, ఏ కాలంలో కొట్టాలి, ఏ నార, ఏ ముడి అన్నది చేసినవారి పేరుతో సహా రాసుకోవాలి. ఏకలవ్యుడి పేరు పెట్టిన ఆశ్రమ పాఠశాలల్లో ఆ పెద్దల్ని జీతమిచ్చి పంతుళ్ళుగా కూర్చోబెట్టాలి. రచయితల సంఘాలు ఈ సేకరణను తమ పనిగా తీసుకోవాలి. మన దగ్గర ఓపిక ఉన్న కుర్రవాళ్ళు లేకపోలేదు.

నేను మొదలుపెట్టాను. దూది వింటికి సంబంధించి ఆ ముసలాయన చెప్పిన మాటలు నా నోటుపుస్తకంలో మూడు పేజీలకు వచ్చాయి. రాసింది నా విద్యార్థి, ఆయన మనుమడే.