బండ ముందు, బిల్డింగు తర్వాత

పోయిన వారం అమెరికాలో ఉన్న మా ఫ్రెండొకడు ఫోటోలు పంపాడు. పెన్సిల్వేనియాలో ఫాలింగ్ వాటర్ అనే ఇల్లు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళి, మర్నాడు అటు వెళ్ళాట్ట. 1935 లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇల్లది. జలపాతానికి ఎదురుగా కాదు, సరిగ్గా దాని మీదే కట్టాడు. అక్కడున్న బండని పగలగొట్టకుండా హాల్లో నేలలోంచి పైకి కనబడేలా వదిలేసి, దాని మీదే ఫైర్ ప్లేస్ పెట్టాడు. ఫోటోల కింద మావాడి కామెంటు: "మన దగ్గర ఇలాంటి ఐడియాలు ఎవడికొస్తాయి రా?"

నాకు కొంచెం మండింది. ఎందుకంటే నేనుండేది కృష్ణానగర్లో. పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ వ్యాన్ల కోసం నిలబడే రోడ్డు మీంచి నడుచుకుంటూ వెళితే కాసేపట్లో కేబీఆర్ పార్కు వస్తుంది. ఆ పక్కనే బంజారా హిల్స్. రైట్ చేసిన పని ఇంచుమించు అదే రోజుల్లో అక్కడ ఒకాయన చేసి చూపించాడు.

ఆయన పేరు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. నిజాం సర్కారులో పెద్ద అధికారి, తర్వాత 1960 లో గుజరాత్ రాష్ట్రానికి మొట్టమొదటి గవర్నరు. 1930 ల్లో ఊరికి దూరంగా, లంబాడీ తండాలు తప్ప ఇంకేమీ లేని ఈ రాళ్ళ గుట్టల్లో ఇల్లు కట్టుకున్నారు. బండల్ని పేల్చి చదును చెయ్యలేదు, వాటి మధ్యనే, వాటినే ఇంట్లో భాగంగా చేసుకుని కట్టారు. పేరు కూడా అక్కడి మనుషుల పేరే, బంజారా భవన్. 1933 లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ ఈ కొండల్లోనే బస చేసి, వీటి మీద ఒక కవిత కూడా రాశారు. అంటే అప్పటికే ఈ రాళ్ళు చూడ్డానికి అతిథులొచ్చే చోటన్నమాట. విజిటర్ సెంటర్ అనే మాట ఇంకా పుట్టలేదు. అమెరికా నేషనల్ పార్కుల్లో 1956 లో మొదలైన మిషన్ 66 అనే కార్యక్రమంతో గానీ ఆ మాట వాడుకలోకి రాలేదు.

ఇంతకీ ఈ రాళ్ళ గొప్పేంటి? మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల చల్లబడిన రాయి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్ళలోకి నీరు దిగి, అంచులు అరిగి, ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ ఊడుతూ గుండ్రమైంది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు అలా మిగిలినవే. ఎవరూ పేర్చలేదు కాబట్టి, తీసేస్తే మళ్ళీ పేర్చేవాళ్ళు కూడా లేరు.

తర్వాతి కథ మనకి తెలిసిందే. 1960 ల్లో జూబ్లీ హిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది. 1975 లో అక్కినేని ఈ రాళ్ళలోనే 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టారు. మద్రాసు నుంచి సినిమా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ఫిల్మ్ నగర్ పుట్టింది. 1998 లో సైబర్ టవర్స్ ప్రారంభం, ఆ వెనకే మనమూ వచ్చాం. మనం కూర్చునే ఏసీ ఆఫీసుల్లో చాలావాటి కింద ఒకప్పుడు బండ ఉండేది. సినిమా వాళ్ళనో బిల్డర్లనో తిట్టేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పేలుళ్ళు చూస్తూ ఊరుకోలేనివాళ్ళు కొందరు 1996 లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని రిజిస్టర్ చేశారు. ఆ తర్వాత హుడా వారసత్వ జాబితాలో 9 చోట్ల రాళ్ళకి స్థానం దొరికింది. కోటలకీ దేవిడీలకీ ఇచ్చే రక్షణ రాయికి ఇవ్వడం చిన్న విషయం కాదు. వాటిలో ఫిల్మ్ నగర్ దగ్గర మాన్‌స్టర్ రాక్, జూబ్లీ హిల్స్‌లో ఒబెలిస్క్, బ్లూ క్రాస్ పక్కన టోడ్‌స్టూల్, అన్నీ మా చుట్టుపక్కలవే. 2015 లో ఆ జాబితాకి ఆధారమైన 13 వ నిబంధనని ప్రభుత్వం తీసేసింది. 2017 లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. ఆ సొసైటీలో ముఖ్యులు, రిటైర్డ్ ఐఏఎస్ నరేంద్ర లూథర్. బంజారా హిల్స్‌లో ఆయన కట్టుకున్న ఇంట్లో పెద్ద బండ హాల్లోనే ఉంటుంది. 2021 లో ఆయన పోయారు.

మా పై వాటాలో ఒకాయన సినిమాలకి సెట్ వర్కు చేస్తారు. థర్మకోలు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో బండలు చెయ్యడంలో దిట్ట. నిజం బండల్ని పగలగొట్టి వేసిన వీధుల్లో ఉత్తుత్తి బండలు చేసి బతుకుతున్నాం అని ఆయనే నవ్వుతారు. విజిటర్ సెంటర్ గురించి ఆయన్నే అడిగా.

"అన్నా, కేబీఆర్ లాంటి చోట జనానికి ఒక బిల్డింగు కట్టాలంటే, కొండలో కలిసిపోయేలా ఎలా కడతారు?"

"రంగు వేస్తే కలవదు తమ్ముడూ. మేం సెట్ వేసేటప్పుడు ముందు కెమెరా ఎక్కడ పెడతారని అడుగుతాం. మనిషి ఎక్కడ నిలబడి చూస్తాడో తేలితే, గోడ ఎక్కడ ఉండకూడదో అదే తెలుస్తుంది."

ఆర్కిటెక్చర్ గురించి నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. గోడకి రాతి టైల్స్ అతికించి, పైన నాలుగు మొక్కలు పెట్టినంత మాత్రాన కట్టడం కొండలో కలిసిపోదు. అసలు ప్రశ్న ఏది ముందు నిర్ణయించాం అన్నది. ప్లాను గీసి, అడ్డొచ్చిన బండని పేల్చడం ఒక పద్ధతి. కదలకూడని బండలు, చెట్లు, నీళ్ళు పారే దారి మ్యాపులో గుర్తు పెట్టుకుని, మిగిలిన జాగాలో పట్టేంత కట్టడం ఇంకో పద్ధతి. మన భాషలో చెప్పాలంటే, 250 కోట్ల ఏళ్ళుగా ఒక్కసారి కూడా క్రాష్ కాని సిస్టమ్ మీద పనిచేస్తున్నాం. డాక్యుమెంటేషన్ లేదు, బ్యాకప్ అసలే లేదు. డిలీట్ కొట్టేముందు కాస్త ఆగాలి కదా :-)

కేబీఆర్‌ని 1998 లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది, నెమళ్ళున్నాయి, బండలున్నాయి. చుట్టూ ట్రాఫిక్ ఉంది. రేపు అక్కడో, ఇంకో రాళ్ళ గుట్ట మీదో సందర్శకుల కోసం ఏదైనా కడితే, డిజైన్ వెతుక్కోడానికి పెన్సిల్వేనియా దాకా పోనక్కర్లేదు. తొంభై ఏళ్ళ కిందటే ఆ నమూనా బంజారా హిల్స్‌లోనే కట్టి చూపించారు.

మావాడికి ఇదంతా రాసి పంపా. "ఈసారి వచ్చినప్పుడు చూపించు" అన్నాడు. చూపిస్తాగానీ, వాడొచ్చేది డిసెంబర్లో. అప్పటిదాకా ఎన్ని బండలు మిగులుతాయో మరి.