రెండేళ్ల వీసా, ముప్పై ఆరు గంటల రోజు

1981లో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ మతి భ్రమించిన వృద్ధులను సాకే కుటుంబాల కోసం ఒక పుస్తకం రాసి, దానికి ‘ముప్పై ఆరు గంటల రోజు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మంచం పక్కన కూర్చున్న మనిషికి ఇరవై నాలుగు గంటలు చాలవని ఆ పేరే చెబుతుంది. హార్వర్డ్ వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 2019లో వెలువరించిన ‘ది సోల్ ఆఫ్ కేర్’ అదే అనుభవాన్ని భర్త వైపు నుంచి చెప్పింది. చైనా భాషా సాహిత్యాల పండితురాలైన ఆయన భార్య జోన్‌కు అల్జీమర్స్ సోకి, చూపును గ్రహించే శక్తి ముందుగా దెబ్బతిన్నది. ఇంటి పనులన్నీ భార్యకే వదిలిన ఆ ఆచార్యుడు ఆమెకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం నేర్చుకున్నాడు. జోన్ 2011లో మరణించింది.

తెలుగువారికి ఈ సేవ కొత్త కాదు. కళ్లు పోయిన ముదుసలి చ్యవనుణ్ణి సేవించిన సుకన్యను, కుష్ఠురోగి అయిన భర్తను మోసిన సుమతిని మన పురాణాలు ఆకాశానికి ఎత్తాయి. అయితే ఆ కథల్లో సేవ చేసేది ఎప్పుడూ భార్యే. ఆమె అలసట ఎక్కడా కనబడదు. మంచాన పడిన భార్యకు పక్క మార్చే భర్తకు మన సంప్రదాయం ఒక్క పేరునూ ఇవ్వలేదు.

ఈ సేవకు ఓర్పుతో పాటు ఒక చోటు కూడా కావాలి. ఆ చోటు పరాయి దేశమైతే ఏమవుతుందో ఎమిరేట్స్ చరిత్ర చూపుతుంది. 1951లో దుబాయిలో అల్ మక్తూమ్ ఆసుపత్రి మొదలైంది. 1960లో అల్ ఐన్‌లో కెన్నెడీ దంపతులు తమ ఆసుపత్రిని తెరిచారు. నాటి వైద్యానికి ప్రధాన లక్ష్యం తల్లీబిడ్డల ప్రాణాలు. 1971లో సమాఖ్య ఏర్పడేనాటికే చమురు సంపద కోసం బయటి నుంచి శ్రామికులు తరలివస్తున్నారు. వచ్చేవాడు ఆరోగ్యవంతుడై ఉండాలి, పని చేస్తూ ఉండాలి. ముసలితనం వచ్చినప్పుడు అతడు తన ఊళ్లో ఉంటాడు. ఎవరూ నోటితో చెప్పకపోయినా వలస వ్యవస్థ ఈ లెక్క మీదే నిలబడింది. ఉద్యోగికి సాధారణంగా రెండేళ్ల నివాస వీసా, జీవిత భాగస్వామికి అతడి మీద ఆధారపడిన వీసా.

చిక్కంతా ఇక్కడే ఉంది. పక్షవాతం వచ్చిన భార్యను చూసుకోవడానికి భర్త ఉద్యోగం మానితే ఇద్దరి నివాస హక్కూ పోతుంది. ఉద్యోగం మానకపోతే పగలంతా ఆమె దగ్గర ఎవరూ ఉండరు. ఆసుపత్రి ఖర్చును బీమా భరించవచ్చు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడక పుండ్లు రాకుండా కాచే చేతులను అది తెచ్చి ఇవ్వదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. వికలాంగుల హక్కులకు 2006లో చట్టం వచ్చింది. 2017లో వారిని ‘దృఢసంకల్పులు’ అని పిలవడం మొదలుపెట్టారు. 2019లో అరవై దాటిన పౌరులకు మరో చట్టం చేశారు. 55 దాటిన విదేశీయులకు ఐదేళ్ల విశ్రాంత వీసాను 2018లో మంత్రిమండలి ఆమోదించింది. అప్పట్లో దానికి 20 లక్షల దిర్హాముల ఆస్తి, లేదా 10 లక్షల పొదుపు, లేదా నెలకు 20 వేల ఆదాయం ఉండాలన్నారు. ఈ మెట్టు ఎక్కగలిగిన ప్రవాసులు కొద్దిమందే.

తిరిగి వెళ్లే చోటా దారి సాఫీగా లేదు. 2007 నాటి భారతీయ చట్టం వృద్ధుల పోషణను ప్రధానంగా సంతానంపై పెట్టింది. ఆ సంతానం తరచూ మరో దేశంలో ఉంటుంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి నెలకు 15 వేల రూపాయలు ఇస్తున్నది. అది రోగికి ఇచ్చే పింఛను. పక్కన రాత్రంతా మేలుకున్న భాగస్వామి ఏ లెక్కలోకీ రాదు.

ఎమిరేట్స్ 2017లో ఇంటి పనివారికి వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటల విశ్రాంతి చట్టబద్ధం చేసింది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ ఇళ్లకు వచ్చి వృద్ధులను సాకే స్త్రీలకు అది కాగితం మీదైనా దక్కిన హక్కు. సొంత ఊళ్లో మంచాన ఉన్న వారి భర్తలను మరెవరో చూస్తుంటారు. ఆ మరెవరికో, ప్రవాసంలో భార్య పక్కన మేలుకుని కూర్చున్న భర్తకో వారానికి ఒక పూట సెలవు ఇచ్చే చట్టం మాత్రం రెండు తీరాల్లోనూ ఇంకా రాలేదు.