కళింగపట్నపు కెరటములు - మసక కన్నులు



వంశధార బంగాళాఖాతమున గలియుచోట కళింగపట్నమున్నది. ఒకప్పుడది ఓడలు వచ్చి పోవుచుండిన రేవు. ఆ వర్తకము ఏనాడో అడుగంటినది. దీపస్తంభము మాత్రము నేటికిని నిలిచియున్నది. చిన్ననాట సముద్రస్నానమునకు పోయినప్పుడు మాకందరకును అదియే గురుతు. అయితే నాకు హ్రస్వదృష్టి. కంటియద్దములు తీసితినా, ఆ స్తంభము ఆకాశమున నొక మరకవలె తోచెడిది.

నాకు పండ్రెండేండ్లున్నప్పుడు, ఒకనాడు అద్దములు ఒడ్డున విడిచి నీట దిగితిని. నదీముఖము దగ్గర నీటి ఈడ్పు మెండు. అది నన్ను మెల్లగా ప్రక్కకు లాగుకొనిపోయినది. ఒడ్డున మావారు చేతులూపుట మసకగా కనబడినది. ఆటకని తలచి నేనును చేయి ఊపితిని. వారు నన్ను వెనుకకు రమ్మని మొత్తుకొనుచున్నారని నాకు తెలియలేదు. తెప్పపై వచ్చుచున్న ముసలి జాలరి యొకడు నన్ను పైకి లాగి ఒడ్డు చేర్చెను. "బాబూ, కళ్ళు కానరానోడు ఒడ్డుని నమ్ముకోకూడదు. పక్కన మనిసిని నమ్ముకోవాల, సెవిని నమ్ముకోవాల" అనెను. "అలాగే తాతా" అంటిని. చూపు తక్కువవారు నీటితో ఎట్లు నెగ్గుకొని వచ్చిరో తెలిసికొనవలెనను కోరిక నాకు ఆనాడే పుట్టినది.

కంటియద్దములు 13వ శతాబ్దాంతమున ఇటలీలో పుట్టినవి. అవి చత్వారమువారికి పనికివచ్చు ఉబ్బెత్తు అద్దములు. నావంటివారికి గావలసిన పుటాకారపు అద్దములు 15వ శతాబ్దమున గాని వాడుకకు రాలేదు. అవి చూపునెట్లు సరిచేయునో 1604లో కెప్లరు అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. కాని ముక్కుమీద నిలుచు అద్దములు ఒక్క కెరటమునకు నిలువవు గదా!

ఇందొక వింత కలదు. మన కంటిలో వెలుతురు వంగు పనిలో సుమారు మూడింట రెండువంతులు కంటి ముందరి పారదర్శకపు పొరయందే జరుగును. ఆ పొరకు ముందు గాలి యుండుటయే దానికి కారణము. నీట మునిగినప్పుడు, నీరును ఆ పొరయు వెలుతురును వంచుటలో ఇంచుమించు సమానములగుటచే, ఆ శక్తి దాదాపు నశించును. కావున నీటిలోపల గరుడదృష్టి గలవాడును మసకకంటివాడే. కంటికిని నీటికిని నడుమ ఒకింత గాలిని నిలిపినచో చూపు మరల వచ్చును. ఈతగాండ్ర గాగుల్సు చేయు పని యింతియే.

అలవాటునకును కొంత బలము గలదు. థాయిలాండు తీరమున మోకెన్ అను సముద్రసంచారుల పిల్లలు కనుపాపను మిక్కిలి చిన్నది చేసికొని, ఐరోపా పిల్లలకంటె రెండింతలు బాగుగ నీటిలో చూడగలరని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇంగ్లీషు కాలువను ఈదిన రెండవవాడు థామస్ బర్జెస్. 1911లో ఆయన మోటారు సైకిలు నడుపువారి అద్దములు ధరించి ఈదెను. 1926లో ఆ కాలువ నీదిన తొలి స్త్రీ గెర్ట్రూడ్ ఎడెర్లె, తన అద్దముల అంచులలో నీరు చొరకుండ మైనము పూసికొనెను. నేడు మన చూపునకు తగిన పవరుతోనే గాగుల్సు దొరకుచున్నవి. వానితో చూచునప్పుడు నీటిలోని వస్తువులు ఉన్నదానికంటె దగ్గరగను పెద్దవిగను కనబడును. కావున చేయి చాచినప్పుడు అందకపోయిన కలవరపడరాదు.

కంటిలోపల అంటించుకొను కాంటాక్టు లెన్సులతో మాత్రము నీట దిగరాదు. నీటియందుండు అకాంతమీబా అను సూక్ష్మజీవి లెన్సుక్రింద చేరి కంటినే పోగొట్టవచ్చును. ఎండయు శత్రువే. 1988లో అమెరికాలోని చెసపీక్ అఖాతమున పనిచేయు 838 మంది జాలరులను పరీక్షింపగా, నీటిపై పడు ఎండలోని అతినీలలోహిత కిరణములకును, ఒక తరగతి కంటిశుక్లమునకును సంబంధము గలదని తేలినది. అంచుగల టోపీయు నల్లయద్దములును విలాసవస్తువులు కావు.

చరిత్ర యిట్లుండగా, నేను పాటించు నియమములు మూడే. అద్దములకు వెనుక త్రాడు కట్టుకొందును. నా చూపు తక్కువని తోడివానికి ముందే చెప్పుదును. ఇది చెప్పుకొనుటకు సిగ్గుపడియే నేను మునిగిపోబోయితిని. చేయూపుట గాక ఈలనే సంజ్ఞగా నేర్పరచుకొందును. ఈల విన్నంతనే ఏ ప్రశ్నయు వేయక ఒడ్డునకు మరలుదును.

ఆ ముసలి జాలరి యిప్పుడు లేడు. ఆయన చెప్పినది శాస్త్రగ్రంథములలో వెదకితిని. అంతకంటె మంచి మాట నాకు దొరకలేదు. మీ యింట అద్దములు పెట్టుకొను పిల్లలుండి, వారు సముద్రమునకు పోవుచున్నచో, ఈ మాట వారి చెవిని వేయుడు.

సెలవు.