ముసుగు మిగిలింది, జనానా పోయింది

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ‘వెయిల్డ్ రెబెక్కా’ ముందు ఎప్పుడూ జనమే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి ముసుగు స్త్రీని మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు.

ఆ వంశం బతికిన ఇల్లు దివాన్ దేవిడీ. పెళ్లిచేసుకోని మూడో సాలార్‌జంగ్ 1949లో పోయాక, 1951లో మ్యూజియం తెరిచింది ఆ ఇంట్లోనే. 1968లో వస్తువులు కొత్త భవనానికి చేరాయి. దేవిడీ కూలింది, అక్కడిప్పుడు బట్టల దుకాణాలు.

దేవిడీ అంటే మర్దానా, జనానా రెండూ. మర్దానాకి దస్త్రాలున్నాయి. జనానాలో బతికిన బేగంలు, దాదులు, పనివాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. వాళ్లు తిరిగిన గదులే వాళ్ల దస్త్రాలు. పరిశోధకురాలిగా నేను వెతుక్కునేది వాటినే. రాతి ముసుగుకి దొరికిన రక్షణ ఆ గదులకి దొరకలేదు.

మన ఊళ్లో పాత ఇల్లు కూలేముందు వంటగది, పెరడు కొలతలైనా రాసిపెట్టుకుందాం.