కొంబు పెరగని చోట కొంబు కూర

మా సాంఘికం మాస్టారు గోడకు జపాన్ పటం తగిలించి హొక్కైడో, హోన్షూ, షికోకు, క్యూషూ అని నాలుగు దీవుల పేర్లు వల్లె వేయించేవారు. దక్షిణాన విసిరేసినట్టుండే ఒకినావా పరీక్షలో వచ్చేది కాదు గనుక మేమూ పట్టించుకోలేదు. ఈ మధ్య అక్కడి ఇంటివంటల గురించి చదువుతుంటే ఆ పటం మళ్లీ గుర్తొచ్చింది.

కొంబు ఒక సముద్రపు నాచు. పొడవాటి పట్టీల్లా, చల్లని నీళ్లలోనే, ముఖ్యంగా ఉత్తరాన హొక్కైడో తీరంలో పెరుగుతుంది. ఎండుముక్కను నీళ్లలో నానబెట్టి, వేడిచేసి, మరగకముందే తీసేస్తే మిగిలే రసం ‘దాషి’. క్యోటో ఇళ్లలో చాలా వంటలకు అదే ఆధారం. ఆ రుచికి మూలం గ్లుటమేట్ అని 1908లో ఇకెడా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త తేల్చి, దానికి ‘ఉమామి’ అని పేరుపెట్టాడు.

ఒకినావాలో కొంబును కూరగానే తింటారు. సన్నగా తరిగి పందిమాంసంతో వేయించే ‘కూబు ఇరిచి’ అక్కడి శుభకార్యాల వంట. వింతేమిటంటే, ఆ వెచ్చని సముద్రంలో కొంబు పెరగదు!

ఎదో కాలంలో ‘కితమాయెబునె’ అనే సరుకు ఓడలు హొక్కైడో నుంచి (అప్పటి పేరు ఎజో) పడమటి తీరం వెంబడి ఒసాకా దాకా కొంబునూ, హెర్రింగ్ చేపల ఎరువునూ మోసేవి. దారిలో ఉన్న తొయామాలో పచ్చిచేపను రెండు కొంబు పట్టీల నడుమ ఒత్తి ఉంచే వంట స్థిరపడింది. సరుకు ఇంకా దక్షిణానికి, సత్సుమాకు చేరేది. సత్సుమా ప్రభువులు 1609లో ర్యూక్యూ రాజ్యాన్ని, అంటే నేటి ఒకినావాను, లొంగదీసుకుని, చైనాతో దానికున్న వర్తకాన్ని తెరవెనుక నుంచి తమ లాభానికి నడిపారు. ర్యూక్యూ నల్లబెల్లం ఒసాకాకు, కొంబు ర్యూక్యూ మీదుగా చైనాకు. ఆ దారిలో కొంత కొంబు ర్యూక్యూ వంటిళ్లలో ఆగిపోయింది. ఆ పళ్లెంలో సత్సుమా పెత్తనం కూడా ఉందని తినేవాళ్లకు గుర్తుండకపోవచ్చు.

ఉత్తరపు కొసలోనూ అదే కథ. ఎజో అసలు వాసులైన ఐనులను జపాన్ వర్తకులు చేపల రేవుల్లో చాకిరీకి పెట్టుకున్నారు. 1869లో ఎజో హొక్కైడో అయింది, 1879లో ర్యూక్యూ ఒకినావా జిల్లా అయింది. 2013లో యునెస్కో జపాన్ సంప్రదాయ ఆహారాన్ని ‘వాషోకు’ అనే ఒక్క పేరుతో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఒక్క పేరు నాకు కాస్త ఇరుకుగా తోస్తుంది.

ఒకినావా వంటింట్లోకి రాకపోకలు అక్కడితో ఆగలేదు. 1945 నుంచి 1972 వరకు సాగిన అమెరికా పాలనలో డబ్బా పందిమాంసం అలవాటైంది. ఇప్పుడు వాళ్ల కాకరకాయ వేపుడులో చాలా ఇళ్లలో అదే వేస్తారు.