రాక్‌వాల్ రాతి గోడ

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి తూర్పున ఉన్న రాక్‌వాల్ పట్టణం చుట్టుపక్కల నేలలో నిలువుగా దిగబడి కనిపించే ఇసుకరాతి కట్టడంలాంటి నిర్మాణమే రాక్‌వాల్ రాతి గోడ. పట్టణానికి ఆ పేరు వచ్చింది దీనివల్లే. 1873లో ఏర్పడిన కౌంటీదీ అదే పేరు. టెక్సాస్‌లోని 254 కౌంటీల్లో విస్తీర్ణంలో అతి చిన్నది ఇదే. ఈ గోడ మనుషులు కట్టిందా, ప్రకృతిలో ఏర్పడిందా అన్న వాదన నూటయాభై ఏళ్లకు పైగా నడిచింది. భూవిజ్ఞానుల లెక్కలో మాత్రం అది ఎప్పుడో తేలిపోయింది.

ఆ ప్రాంతం నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టిలో రాయి తగలడమే అరుదు. 1850ల తొలి ఏళ్లలో అక్కడ కాపురం పెట్టిన రైతులు బావి తవ్వుతుంటే రాతివరుస ఒకటి బయటపడింది. ఇటుకల్లా విడివిడిగా ఉన్న రాళ్లు, వాటి నడుమ సున్నం పెట్టి అతికినట్టున్న తెల్లని పదార్థం, నిటారుగా కిందికి దిగిపోయిన ముఖం చూసినవారికి అది పాత కోటగోడే అనిపించింది. 1854లో ఊరు వెలిసినప్పుడు, దానికి ఎవరి పేరు పెట్టాలో తేలక, చివరికి గోడ పేరే ఖాయం చేశారని స్థానికంగా చెబుతారు. తర్వాత మరికొన్ని చోట్ల ఇలాంటి ముక్కలే తగిలాయి. దొరికిన ముక్కలన్నిటినీ ఊహలోనే కలిపి, ఊరి చుట్టూ ప్రాకారం ఉండేదని జనం నమ్మారు.

1909లో సిడ్నీ పేజ్ అనే భూవిజ్ఞాని ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాసి, ఇవి ఇసుకరాతి డైకులని తేల్చాడు. అంటే పాత పొరల్లోని పగుళ్లలో ఇసుక చేరి గట్టిపడిన నిలువు పలకలు. అయినా ప్రచారం ఆగలేదు. కార్తేజ్ తవ్వకాలతో పేరు తెచ్చుకున్న బైరన్ ఖున్ ద ప్రోరోక్ 1920లలో వచ్చి చూసి, ఇవి ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్య కట్టడాల్లా ఉన్నాయన్నాడు. పురావస్తు శాస్త్రంలో ఆయనకు శాస్త్రీయ శిక్షణ కన్నా సాహస యాత్రికుడన్న పేరే ఎక్కువ. పత్రికలకు మాత్రం ఆయన మాటే రుచించింది. 1932లో కెల్సీ, డెంటన్ అనే ఇద్దరు ఈ డైకులను వివరంగా పరిశీలించి టెక్సాస్ విశ్వవిద్యాలయ బులెటిన్‌లో ప్రచురించారు. వారి పరిశీలన కూడా పేజ్ చెప్పినదాన్నే బలపరిచింది.

డైకు పుట్టుక ఇలా ఉంటుంది. క్రెటేషియస్ యుగం చివరి భాగంలో, అంటే సుమారు 10 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఆ ప్రాంతం సముద్రం కింద ఉండేది. అడుగున సున్నపు బంకమట్టి పొరలు పొరలుగా పేరుకుంది. ఆ మట్టి పగిలినప్పుడు నీటితో కలిసిన ఇసుక ఒత్తిడికి ఆ సందుల్లోకి చొరబడింది. నీటితో నిండిన ఇసుక నేలను చీల్చుకుపోవడం అరుదేమీ కాదు: 1934 బిహార్ భూకంపంలో పొలాల్లోంచి ఇసుక, నీళ్లు ఊటల్లా ఎగజిమ్మాయి. రాక్‌వాల్‌లో పగుళ్లలో చేరిన ఇసుకను కాల్షియం కార్బనేట్ అతికించి రాయిగా మార్చింది. ఈ పలకల మందం కొన్నిచోట్ల అంగుళానికి మించదు, మరికొన్నిచోట్ల అడుగున్నర దాకా ఉంటుంది. కోటగోడకు ఇంత సన్నటి మందం చాలదన్న సంగతి తొలి కథలు చెప్పినవారికి ఎందుకు తట్టలేదో!

మరి ఇటుకలు? గట్టిపడిన రాతి పలక నేల కదలికలకు అడ్డంగానూ నిలువుగానూ చీలుతుంది. ఆ చీలికల్లోకి నీరు దిగి అంచులను నునుపు చేస్తుంది, సున్నపు ఖనిజాన్ని, మట్టిని నింపుతుంది. చూపరులు సున్నపు అతుకు అనుకున్నది ఇదే. మేస్త్రీ పెట్టిన గోడకైతే పునాది గొయ్యి ఉంటుంది, రాయి మీద ఉలి గాట్లు ఉంటాయి, కింది వరుస కీలు మీద పై వరుస కీలు పడకుండా తప్పించి పేరుస్తారు. తవ్విన గొయ్యిని తిరిగి పూడ్చిన మట్టి పక్కనున్న మట్టి కన్నా వేరుగా కనిపిస్తుంది. డైకు చుట్టూ అయితే పొర చెదరదు, చీలిక మాత్రమే కనిపిస్తుంది.

కంటికి పొందికగా కనిపించడం సాక్ష్యం కాదు. న్యూజిలాండ్‌లోని కైమనావా గోడను 1996లో ఒక మరుగునపడ్డ నాగరికత కట్టడమని ప్రచారం చేశారు. భూవిజ్ఞానులు పరీక్షించి, దాదాపు 3.3 లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వత బూడిదరాయి చల్లారుతూ చీలిన తీరే అదని చెప్పారు. దీనికి పూర్తిగా భిన్నమైనది బిహార్‌లోని రాజగిరి గోడ. చెక్కని పెద్ద బండల మధ్య చిన్నరాళ్లు కూరి, సున్నం లేకుండా సుమారు 40 కిలోమీటర్లు పేర్చిన ఆ మొరటు గోడ మనుషులు కట్టిందే. తెలంగాణ, రాయలసీమల్లో గ్రానైటును చీల్చుకుంటూ నల్లటి డోలరైట్ డైకులు పొలాలకు అడ్డంగా గట్టుల్లా సాగుతుంటాయి. వాటిని చూసినవారికి రాక్‌వాల్ అంత వింతగా తోచకపోవచ్చు. కాకపోతే ఇక్కడి డైకులు కరిగిన శిలాద్రవం గడ్డకట్టినవి, అక్కడివి ఇసుక చేరినవి.

2013లో ‘అమెరికా అన్‌ఎర్త్డ్’ అనే టెలివిజన్ కార్యక్రమం రాక్‌వాల్‌కు వెళ్లింది. డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ భూవిజ్ఞాని జాన్ గీస్‌మన్ రాళ్ల నమూనాల అయస్కాంత దిశను కొలిచారు. రాయి ఏర్పడే వేళ అందులోని ఇనుప ఖనిజాల్లో ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశ నిలిచిపోతుంది. రాళ్లను వేరేచోట కోసి తెచ్చి పేర్చి ఉంటే ఒక్కో రాయి ఒక్కో దిక్కు చూపాలి. గీస్‌మన్ నమూనాలన్నీ ఒకే దిశ చూపాయి: ఆ రాళ్లు ఉన్నచోటే పుట్టాయి. మిస్టరీ దొరుకుతుందని వెళ్లిన కార్యక్రమానికి భూవిజ్ఞాన పాఠమే దొరికింది.