మాట నేర్పినవాళ్ళు

దూరదేశం నుంచి వచ్చి ఒక ఊళ్ళో కాపురం పెట్టినవారికి ఆ ఊరి జనమే మొదటి గురువులు. మంచినీళ్ళు అడగాలన్నా, సంతలో బేరమాడాలన్నా వాళ్ళ మాట రావలసిందే. మన విశాఖ ప్రాంతానికి వచ్చిన క్రైస్తవ మిషనరీల చరిత్రను మేము ఆ వైపు నుంచి చూస్తున్నాం.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. మతప్రచారానికి వచ్చినవారు ముందుగా తెలుగు నేర్చుకునే విద్యార్థులయ్యారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు సువార్తల అనువాదంలో వారికి తోడుగా నిలిచారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూరులో అచ్చయ్యాయి.

నూరేళ్ళ తర్వాత ఇలాంటి కథే మన మన్యం అంచున నడిచింది. సాలూరు అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషన్ అక్కడ పనిచేసేది. ఆ మిషన్‌కు చెందిన షుల్జె దొర 1911లో కువి భాషకు వ్యాకరణం, 1913లో పదకోశం మద్రాసులో అచ్చు వేయించారు. అట్ట మీద పేరు ఆయనది. లోపలి మాటలు మాత్రం కోదు గూడేలవి. పొయ్యి దగ్గర, పోడు చేనులో, సంతదారిలో తల్లులూ తండ్రులూ మాట్లాడుకున్నవే పుస్తకానికి ఎక్కాయి.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు మిషనరీ కారు, తెలుగు పండితులు. ఆయన సవరల దగ్గర సవర భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది.

ఈ మూడు కథల్లో ఒక పోలిక ఉంది. చదువుకున్నవాడు చదువుకోనివాడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు.

ఇప్పుడు పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి పిల్లలు విశాఖ హాస్టళ్ళకు వస్తున్నారు. ఈసారి నగరమే ఆ ఇల్లు, పిల్లలే అతిథులు. వాళ్ళు తెలుగు నేర్చుకుంటారు, ఇంగ్లీషూ నేర్చుకుంటారు. నేర్చుకోవాలి కూడా. కానీ కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు నలుగురిలో ఇంటి మాట మాట్లాడడానికి సిగ్గుపడుతుంటే, వార్డెన్లమైన మాకు మనసు చివుక్కుమంటుంది. ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. అయితే బడి గంట తర్వాత పిల్లలు గడిపేది హాస్టల్లోనే కదా!

అందుకే సంఘం పెద్దలకూ, తోటి వార్డెన్లకూ మా మనవి ఒక్కటే. ప్రతి హాస్టల్లో ఒక నోటుపుస్తకం పెడదాం. సెలవులకు ఇంటికి వెళ్ళిన ప్రతి పిల్లా అవ్వనో తాతనో అడిగి పది మాటలు రాసుకురావాలి. ప్రతి మాట పక్కన అది చెప్పినవాళ్ళ పేరు కూడా రాయిద్దాం. ఈసారి ఆ పేర్లు మిగలాలి.